కాలువ గట్టున కూర కరవు

హాలియా చౌరస్తాలో ప్రాతఃకాలమున నిలిచి చూచువారికి ఒక విపరీతము గోచరించును. ఊరినుండి వెడలు త్రోవలలో ఏ త్రోవ పట్టి క్రోసెడు దూరము పోయినను ఇరుప్రక్కల వరిమళ్ళే కానవచ్చును. లాల్ బహదూర్ కాలువ చేరువనే పారుచుండును. వాగునకు ఊరి పేరో ఊరికి వాగు పేరో తేల్చుకొనలేనంతగా నీటితో మా ఊరి పేరు కలిసిపోయినది. ఇంతటి జలసమృద్ధి నడుమ, తోపుడు బండిపై నీళ్ళు చిలుకరించి పేర్చిన కూరగాయలను చూపి "ఇవి ఎక్కడివమ్మా" యని యడిగినచో, టమాట మదనపల్లెదనియు, ఉల్లి కర్నూలుదనియు, ఆలుగడ్డ ఆగ్రాదనియు బదులు వచ్చును. బీర, బెండ మొదలగునవి సైతము తెల్లవారుజామున ఎక్కడనుండియో ఆటోలలో దిగినవే. ఊరిలో పండిన కూర ఏదియని వెదకగా, ఒక ముదుసలి నేలపై గోనెసంచి పరచి పెట్టుకొనిన నాలుగు పుంటికూర కట్టలు మాత్రము దొరకవచ్చును. ఆమె రాని దినమున అదియును లేదు.

నీరు లేక కూర లేకపోవుట లోకమంతటను కలదు. నీరు వచ్చిన పిదప కూర పోవుట మా ప్రాంతపు విశేషము. దీని కారణము నాకు గ్రంథములలో దొరకినది కాదు. గడచిన వానాకాలమున మా యింటి వెనుక అరువది గజముల నేలలో కుటుంబమంతయు కలిసి కూరగాయలు పండింపబూని, సగము ఓడి సగము గెలిచిన పిమ్మట తోచినది.

కాలువ రాకపూర్వపు మా పల్లెల సేద్యము నాకు బాల్యస్మృతిగా నున్నది. చల్క నేలలు, దుబ్బ నేలలు. మిరుగము వర్షించినచో పంట, లేనిచో వలస. ఆ దారిద్ర్యమును స్తుతించు వెఱ్ఱి నాకు లేదు. కాని ఆనాటి జొన్నచేను ఒంటరి చేను కాదు. నాలుగు సాళ్ళ జొన్నకు ఒక సాలు కంది, నడుమ పెసర, బొబ్బర, అనుము. గట్టు వెంబడి పుంటికూర. ఎక్కడబడిన అక్కడ ప్రాకిపోవు దోస, బుడమ తీగలు. కలుపు తీయబోయిన స్త్రీలు సాయంకాలము మరలి వచ్చునప్పుడు ఒడి నిండ ఏదో యొక ఆకు తెచ్చుచుండిరి. గంగవాయిలి, తుమ్మి, తగిరంచ, గునుగు లేతచిగుళ్ళు: వీనిని ఎవరును విత్తలేదు, ఎవరును కొనలేదు, ఐనను రాత్రి సంకటితో కూర సిద్ధము. మా మండలము పేరు అనుముల. స్థలనామ పరిశోధకులేమందురో గాని, అనుములనగా చిక్కుడు జాతి గింజలని ఎరిగిన నాకు, నేడు అనుముల మండలమున అనుపచేను చూడవలెనన్న దినమంతయు తిరుగవలసివచ్చుట ఒక వింతగానే తోచును.

1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. అప్పుడు నేను పలకబలపము దాటి పుస్తకము పట్టిన బాలుడను. ఆ నీటిని చూచి పెద్దవారు ఏడ్చిరని చెప్పినచో నేటివారు నమ్మరు. తాత తండ్రుల కాలమునుండి మబ్బువంక చూచి మెడలు నొచ్చినవారి ఏడుపది. నీటివెంట వరి వచ్చినది. వరి అన్నము పెట్టినది, పక్కాయిల్లు కట్టించినది, పిల్లలను పట్నము పంపినది. పదివేల నోళ్ళతో దానిని పొగడుదును. ఐతే వరికి ఒక గుణము కలదు: అది తోడును సహింపదు. నిలువ నీటిలో కందియు పెసరయు బ్రదుకవు. గట్టు సన్నబడిన కొలది పుంటికి తావు లేదు. పిదప కలుపుమందు వచ్చి, విత్తకయే మొలచు ఆకులను గట్టుమీదనే మాడ్చివేసినది. ఇట్లు చేనినుండి కూర తరలిపోయినప్పుడు పెరడు దానికి ఆశ్రయము కావలసియుండెను. ఆ పెరటిని మేము బండలతో కప్పివైచితిమి.

ఇచ్చట ఒక మాట జ్ఞాపకము చేయక తప్పదు. మా ఎడమ కాలువ ఎవరి పేర వెలసినదో ఆ లాల్ బహదూర్ శాస్త్రి, 1965లో ఒకవంక యుద్ధము, ఒకవంక అనావృష్టి దేశమును పీడించుచుండగా, ఖాళీనేల ఎక్కడనున్నను తిండిగింజలో కూరగాయలో పండించుడని ప్రజలకు విజ్ఞప్తి చేసి, తాను ఢిల్లీలో తన నివాసపు పచ్చికబయలును దున్నించి పైరు వేయించెను. ప్రధానమంత్రి పచ్చిక దున్నించినంతనే దేశపు ఆకలి తీరునా యని పరిహసించినవారు అప్పుడును ఉండియుందురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికావారు ఇట్టి పెరటితోటలను 1943 నాటికి దాదాపు 2 కోట్ల సంఖ్యలో వేసిరనియు, ఆ దేశమున వినియోగమైన తాజా కూరగాయలలో ఇంచుమించు 40 శాతము వానినుండియే వచ్చెననియు అంచనాలు కలవు. యుద్ధము ముగియగనే వారును పచ్చికకు మరలిరి. ఆపదలో మాత్రమే పెరడు స్మరణకు వచ్చుట మానవస్వభావము కాబోలు.

మా యింటి సంగతి చెప్పెదను. ఉద్యోగవిరమణానంతరము ఇన్నూరు గజముల స్థలములో ఇల్లు కట్టించి, వెనుక అరువది గజములు విడిచితిమి. మేస్త్రీ వచ్చి, "సారూ, మట్టి ఇడిసిపెడితె పాములు తేళ్ళొస్తయి, బండలు పరిపిద్దాం, కడుక్కున్నా సులువు" అని హితము పలికెను. నేను తల యూపితిని. నా భార్య మాత్రము ఊపలేదు. ఆమె పుట్టినిల్లు దేవరకొండ దిక్కున నీళ్ళు లేని పల్లె. అంట్లు తోమిన నీళ్ళు సైతము జాలారి గుండ పారి ఒక సొరపాదునకు చేరునట్లు ఏర్పాటు చేసికొనిన తల్లి కడుపున పుట్టినది. "నీళ్ళు లేని ఊర్లె మా అమ్మ తీగెలు పారిచ్చింది, కాలువ పక్కన ఇల్లు కట్టి నువ్వు బండలేస్తవా" అని ఒక్కమాట యనెను. దానికి ప్రత్యుత్తరము నాయొద్ద లేకపోయినది. కావున రోహిణి ఎండలలోనే పని మొదలైనది.

ఇల్లు కట్టిన తరువాతి పెరడు నేల యనిపించుకొనదు. గడ్డపార దిగినచోటనెల్ల ఇటుకముక్క, సిమెంటు పెళ్ళ, వంగిన మేకు, ఎవరో త్రాగి పారవేసిన సీసా. వారము దినములు నేనును నా కుమారుడును తట్టలకెత్తినను తరుగలేదు. ఒక ట్రాక్టరు చెరువుమట్టియు, అరట్రాక్టరు పశువుల పెంటయు తోలించి, నేలను కలియదిప్పి, ఆరుమడులు గీచి, గోడవెంబడి తీగెలకు పాదులు త్రవ్వి, వెదురుకఱ్ఱలతో పందిరి వేయునప్పటికి మృగశిర ప్రవేశించినది. చేసిన వ్యయమునకు ఆరునెలలు అంగడిలో కూర కొనవచ్చునని నా కుమారుడు లెక్కగట్టి చూపెను. లెక్క తప్పు కాదు. పెరటితోట పొదుపునకని చెప్పువారు తోట వేసియుండరు, లేదా లెక్క వ్రాసియుండరు.

విత్తనముల విషయమున మా గర్వము మొదట భగ్నమైనది. రంగుబొమ్మల ప్యాకెట్లు కొనితెచ్చి విత్తగా, బెండ బాగుగా మొలచినది, బీర పదింట మూడు మొలచినది, సొర అసలే మొలవలేదు. అంగడివానిని నిందించి లాభము లేదు. గింజ ఎండలో ఎంతకాలమున్నదో అతనికిని తెలియదు. అప్పుడు మా వీధిచివరి అవ్వ, ఇంతకుముందు చెప్పిన పుంటికూర కట్టల ముదుసలియే, తన పాతచీర కొంగు చింపి కట్టిన మూటలు నాలుగు తెచ్చి మా గడపపై విప్పినది. బూడిదలో పొరలించిన ఆనిగెపు (సొర) గింజలు, బీరగింజలు, చిక్కుడు, గోకరకాయ. "పాకిట్ల గింజలకేమెరుక సారూ మన చల్క సంగతి" అని నవ్వి, గింజలు పడుకోబెట్టి నాటవలెనని చూపి, పైకము ఇయ్యబోగా కసరినది: "పైసలద్దు. సంక్రాంతికి నా గింజలు నాకియ్యి." ఆ షరతులోని గాంభీర్యము నాకు అప్పటికి బోధపడలేదు.

ఆరుద్ర వానలకు తీగెలు పందిరి నందుకొన్నవి. ప్రతిదినము మూడుజానలు పెరిగినట్లు నా మనుమడు చెప్పెడివాడు; బాలుని అతిశయోక్తిని తీసివేసినను జానెడు సత్యమే. బీర పూయుట మొదలిడినది. ఇంకను పిందె లేదు. రోజు వెనుక రోజు పూవులు పూచి రాలిపోవుచుండగా, ఎరువు తక్కువైనదని నేనును, దిష్టి తగిలినదని నా భార్యయు తర్కించుకొనుచుంటిమి. అసలు సంగతి వేరు. ఈ తీగెలలో ముందు మగపూవులు గుత్తులుగా వచ్చును. కొన్ని దినములకు గాని ఆడుపూవు రాదు. రెంటిని గుర్తించుట సులభము: పూవు వెనుక సన్నని చిన్ని కాయ వంటిది ఉన్నచో ఆడుది. బీరపూవు ప్రొద్దు వాలిన తరువాత విచ్చుకొనును. గడియారములు లేని కాలమున పందిరిపై పసుపుపచ్చని బీరపూలు తొంగిచూచినప్పుడే ఇల్లాండ్రు రాత్రివంటకు పొయ్యి రాజవేయుచుండిరని పెద్దలు చెప్పుదురు. సొరపూవును అంతే, తెల్లనిది, సందెవేళ విచ్చి చీకటి పురుగులను పిలుచును. మా వీధిలో రాత్రియంతయు దీపములు వెలుగుటచేతనో, చుట్టు వరిమళ్ళకు కొట్టు మందులచేతనో, ఆ పిలుపునకు వచ్చువారు అరుదు. అందుచే సాయంకాలము చదువు ముగించి నా మనుమడు స్టూలెక్కి, మగపూవు నొకదానిని త్రుంచి, రేకులు వెనుకకు మడిచి, ఆడుపూవు నడిమి భాగమునకు మెల్లగా తాకించు పని పూనెను. మూడవనాటికి పిందె మెడ వంచి బరువెక్కుట చూచి వాడు చేసిన కేకకు ప్రక్కయింటివారు పరుగెత్తుకొని వచ్చిరి. వృక్షశాస్త్రమున పరాగసంపర్కము అను పాఠమును ముప్పది యేండ్లు పిల్లలకు వల్లెవేయించిన నేను, ఆ సంపర్కమును కన్నులార చూచుట అదియే ప్రథమము. ఈ సంగతి వ్రాయుటకు సిగ్గుగా నున్నది గాని వ్రాయక తప్పదు.

ఇక కోతులు. తెలంగాణమున కూరగాయలను గూర్చి వ్రాసి కోతులను విస్మరించువాడు అసత్యవాది. శ్రావణమాసమున ఒక పగటివేళ, మిద్దెల మీదుగా ఇరువది ముప్పది గల మంద దిగి, గడియలోపల మా రెండునెలల శ్రమను పందిరితో సహా నేలగూల్చినది. తిన్నది కొంచెము; కొరికి పారవైచినది అధికము. ఒక పిల్లకోతి కాకరకాయ కొరికి, మొగము చిట్లించి, కోపముతో ఆ కాయను మావైపే విసరినది. ఆ దుఃఖములోను నవ్వు వచ్చినది. అడవులలో పండ్లచెట్లను మనము మిగిలింపనప్పుడు అవి మన పందిళ్ళకు రాక మరెక్కడికి పోవునని నేను తాత్త్వికముగా అనగా, "నీ న్యాయం కోతులకు చెప్పు, నాకు బీరకాయ తెచ్చియ్యి" అని నా భార్య అనెను. సాగరమున చేపలు పట్టువారియొద్ద పాతవలలు కొనితెచ్చి పందిరిని నలువైపుల కప్పితిమి. కాకర, మిరప, పుంటికూర మాత్రము వల లేకయే నిలిచినవి. ఊరూర మనుష్యులు పెరటితోట మానుటకు బద్ధకము కారణమని ఉపన్యసించు అధికారులు ఒక దినము ఆ మందయెదుట నిలిచి చూడవలయును. కోతులబెడదకు మార్గము చూపక విత్తనపు సంచులు మాత్రము పంచుట, కంచె లేని చేనికి కాపరిని పెట్టి జీతము ఎగవేయుట వంటిది.

పురుగుల గాథ సంక్షేపముగా చెప్పెదను. పేనుబంకకు లీటరు నీటికి ఏబది గ్రాముల వేపగింజల పప్పు నూరి, రాత్రి నానబెట్టి, వడగట్టి చల్లితిమి, మూడుమారులకు తగ్గినది. పండుఈగ కుట్టిన కాయలను నేలలో లోతుగ పూడ్చితిమి. చిక్కుడు మాకంటె పురుగులకే అధికముగా కాచినది. భాద్రపదము నాటికి మళ్ళలో మేము విత్తనిది ఒకటి మొలచినది: గంగవాయిలి. చెరువుమట్టిలో ఎన్నాళ్ళ గింజయో, కలుపని నేను పీకుచుండగా అవ్వ నా చేయి పట్టుకొనినది. ఆ దినము పప్పులో వేసిన ఆ పుల్లని ఆకు రుచి ఏబది యేండ్లకు మరల నా నాలుకపైకి వచ్చినది. బతుకమ్మ పండుగకు వీధిలోని ఆడపడుచులు మా గుమ్మడిపూలకై వచ్చిరి. మగపూలు కోసికొని ఆడుపూలు విడువుడని నా మనుమడు పందిరిక్రింద నిలిచి అందరికి పాఠము చెప్పెను.

కోడలు చెప్పిన మాటను దాచుట అన్యాయమగును. ఒకనాడు బంధువులయెదుట నేను "మా తోట" యని మురియుచుండగా, "మామయ్యా, తోట మీదే, రోజు నీళ్ళు పోసేది మాత్రం నేను" అని ఆమె నవ్వుచునే అనెను. బడికి పోయి పాఠము చెప్పి వచ్చి, వంటచేసి, పిల్లవాని చూచు స్త్రీకి ఇంకొక అరగంట చాకిరి తగిలించి, దానికి ఆరోగ్యమని పేరు పెట్టుట పురుషులకు సుకరము. మరునాటినుండి ఉదయపు నీళ్ళు నావంతు, సాయంకాలము నా కుమారునివంతు. పెరటితోటలను ప్రోత్సహించు పత్రికలవారు, ప్రభుత్వమువారు ప్రతిచోట చీరకట్టిన స్త్రీబొమ్మనే వేయుట నాకప్పటినుండి కొంత చికాకు కలిగించుచున్నది.

ఇంత శ్రమకు ఫలమేమి? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో, ఒక్కొక్కరు దినమునకు 400 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలతో కలిపి, భుజింపవలెనని చెప్పినది. మా యింట ఐదుగురము. దినమునకు రెండు కిలోలు. మా అరువది గజములు మంచిదినములలో సైతము అందులో మూడవవంతునకు మించి ఇయ్యలేదు. కాని తోట లేనప్పుడు మేము ఐదుగురము కలిసి కిలో తినుచుంటిమా యని ప్రశ్నించుకొనగా ఉత్తరము లజ్జాకరముగా నుండెను. వరిమళ్ళ నడుమ బ్రదుకువారి పళ్ళెములలో అన్నపురాశి పెరిగి కూర తాళింపంతటికి దిగజారినది. మా జిల్లాకు ఇది సామాన్యవిషయము కాదు. భూగర్భజలములలోని ఫ్లోరైడు ఎన్ని తరముల ఎముకలను వంచినదో నల్లగొండవారికి చెప్పనక్కరలేదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు త్రాగదగదని ప్రమాణము. మా పల్లెల బోరునీరు పెక్కుచోట్ల దానిని దాటినట్టిదే. 1970ల ఆరంభమున ఆ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులే ఈ జిల్లాలో పిల్లల మోకాళ్ళు లోనికి వంగిపోవు వైకల్యమును గుర్తించి, ఫ్లోరైడునకు ఆహారలోపము తోడైనప్పుడు, ముఖ్యముగా కాల్షియము తక్కువైనప్పుడు, బాధ మరింత తీవ్రమగునని చూపిరి. పెరటికూరతో ఫ్లోరోసిస్ నయమగునని నేననుటలేదు. నీటిని మార్చుటయే దానికి మందు, మిషన్ భగీరథ పైపులలో వచ్చు కృష్ణానీరు ఆ మందు. కాని మునగాకు, తోటకూర గల పళ్ళెమునకును, ఉత్త పచ్చడిమెతుకుల పళ్ళెమునకును గల భేదము ఇతర జిల్లాలవారికంటె మాకే అధికముగా తెలియవలసియుండెను.

కావున నా విన్నపము విత్తనపు సంచులను గూర్చి కాదు, నేలను గూర్చి. 2018లో హాలియా పురపాలక సంఘమైనది. ఇండ్లు లేచుచున్నవి, స్థలములు చీలుచున్నవి. ఇంటిచుట్టు ఇంత ఖాళీ విడువవలెనను నియమములు కలవు. ఆ ఖాళీని వదలినవారును దానిపై సిమెంటు పోయించి, వాననీరంతయు వీధికాలువలోనికి త్రోలుచున్నారు. ఆకాశము కనబడిన చాలును, నేల కనబడనక్కరలేదని మన నిర్మాణశాస్త్రము తీర్మానించినట్లున్నది. ఇన్నూరు గజములలో ఇరువది గజముల మట్టిని మట్టిగానే విడిచినవారికి ఇంటిపన్నులో స్వల్పముగనైన తగ్గింపు నిచ్చినచో పురపాలకము దివాళాతీయదు. పాఠశాలలలో పోషణతోటలు పెంచుడని కేంద్రప్రభుత్వము 2019లో మార్గదర్శకములు పంపినది. నేను చూచిన కొన్ని బడులలో తోటకై విడిచిన మూల ఇప్పుడు మోటారుసైకిళ్ళకు నీడయైనది. సొంతనేల లేని కిరాయి యిండ్లవారి మాట యేమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. కాలువగట్లు, బడిప్రాంగణములు, అంగన్‌వాడీ పెరళ్ళు వారివియు కావలెను. అంతకుమించిన యుక్తి నాకు తోచలేదు.

"పెరటిచెట్టు మందుకు రాదు" అని మనవారందురు. చేరువ వస్తువునందు గౌరవముండదని దాని భావము. పెరడే లేనప్పుడు ఆ సామెతను పిల్లలకు ఏమని వివరింతుము?

సంక్రాంతికి రెండు సొరకాయలను, నాలుగు బీరకాయలను కోయక తీగెపైననే ముదురనిచ్చి, ఎండి గలగలలాడిన పిదప గింజలు తీసి, బూడిదలో పొరలించి, అవ్వకు ఆమె గింజలు ఆమెకు ఇచ్చితిమి. ఆమె ఎంచి చూచి, తానిచ్చినవానికంటె ఎక్కువగా నున్నవని సగము మరల నా భార్య చేతిలో పెట్టినది. అవి ఇప్పుడు మా వంటింటి అటుకుమీద మూటలో నున్నవి. వెనుక స్థలమున ఒక గది వేసి కిరాయికిచ్చినచో నెలకు ఇంత వచ్చునని నా కుమారుడు కొన్నాళ్ళుగా అనుచున్నాడు. వాని అప్పులు వానికి గలవు, నేను కాదనజాలను. నిన్న సాయంకాలము మేస్త్రీ టేపు తెచ్చి పెరడు కొలిచి పోయినాడు. కొలుచునప్పుడు పందిరికఱ్ఱ అడ్డము రాగా నా మనుమడు దానిని కదలనీయక పట్టుకొని నిలిచినాడు. మిరుగమునకు ఇంకను నాలుగు నెలలున్నవి.